నోరు లేని రాక్షసుడికి సగం క్షవరం

మా మామయ్య కత్తెర పట్టాడంటే ఎగిరే ఈగకి కూడా మీసాలు కత్తిరించగలడు. ఇంటికెళ్ళి అద్దం చూసుకుంటే తప్ప ఆ ఈగకి సంగతి తెలియదు. ఇది నేను కళ్ళారా చూసిన విషయం. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ ఈగనే అడగవచ్చు.

మామయ్య అంటే మా అమ్మకి స్వయానా తమ్ముడు. ఆయన సెలూన్‌లో కుర్చీలు రెండు. ఒకటి పనిచేస్తుంది. రెండోదాని పెడల్ విరిగిపోయింది. తొక్కితే ఒక పట్టాన లేవదు, లేచిందంటే ఇక దిగదు. బాగు చేయించమని అత్తయ్య పోరు పెడుతూనే ఉంది గానీ, అది పాడైన కుర్చీ కాదు, లెక్కల మాస్టారి సింహాసనం. వారానికొకరోజు సెలూన్ మూసి ఉన్నప్పుడు, మధ్యాహ్నం పూట మాస్టారు దానెక్కి కూర్చుంటారు. మేం కింద చెక్క బల్ల చుట్టూ చేరతాం. ఆయన అద్దానికి వీపు పెట్టి, ఒళ్ళో రాతల అట్ట పెట్టుకుని, మాకంటే మూరెడు ఎత్తున కూర్చుని కథ చెబుతారు.

ఆట ఏమిటంటే, ఆ కథలోకి మేం ముగ్గురం తలా ఒక మనిషిగా దూరతాం. గోడ దూకాలా, గుమ్మంలోంచి వెళ్ళాలా అన్నది మా ఇష్టం. దూకితే కాలు విరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక ఇష్టం. నేను కత్తివీరుణ్ణి. కాలేజీ నన్ను భరించలేక రెండో ఏడాదిలోనే చేతులెత్తేసింది గానీ, ఈ బల్ల మీద మాత్రం నా పేరు చెబితే రాక్షసుల పిల్లలు అన్నం తింటారు. మందుల షాపు అక్క మంత్రగత్తె. వారమంతా ఊరి దగ్గులకీ జలుబులకీ ఓపిగ్గా మాత్రలు చుట్టి ఇచ్చే మనిషి, ఆ ఒక్క పూట నిప్పుల వాన కురిపించి సుఖంగా ఇంటికెళుతుంది. మామయ్య పాటగాడు.

ఈ ఆట ఆడేవాళ్ళలో పాటగాడికి ఉన్న పరువు కూరలో కరివేపాకుకి ఉన్నంత. కత్తి తిప్పలేడు, నిప్పు పుట్టించలేడు. అందరూ చచ్చేట్టు కొట్టుకుంటుంటే మూల నిలబడి పాట అందుకుంటాడు. అతను పాడితే పక్కవాడికి ఒక చిన్న పాచిక అదనంగా దొరుకుతుంది. అందులో పడ్డ అంకె పక్కవాడి దెబ్బకి కలుస్తుంది. రాక్షసుడు కూలతాడు. చప్పట్లు పక్కవాడికి.

మామయ్య ఆ పాత్రని కోరి తెచ్చుకున్నది కాదు. ఆరేళ్ళ క్రితం మొదటి రోజున పాత్రల కాగితాలు బల్ల మీద పరిస్తే, నేను కత్తి లాక్కున్నాను, అక్క మంత్రం లాక్కుంది. మామయ్య తువ్వాళ్ళు ఆరేసి వచ్చేసరికి మిగిలింది ఇదొక్కటే. పోనీ గొంతైనా ఉందా అంటే, ఆయన పాడితే సెలూన్ షట్టర్ ఎత్తినట్టే ఉంటుంది. ఇంట్లో పాట ఎత్తకూడదని అత్తయ్య పెళ్ళయిన కొత్తలోనే ఒట్టు వేయించుకుంది. అందుకే ఆటలో కూడా పాడడు. "ఇక్కడ పాట వచ్చిందనుకోండి" అంటాడు, మేం వచ్చిందనుకుంటాం.

అయినా ఆ కాగితం ఆయనకి ప్రాణం. నాలుగు మడతల దగ్గరా చిరిగితే నాలుగు టేపులు వేశాడు. ప్రతి టేపు కిందా ఎవరివో నాలుగు వెంట్రుకలు ఇరుక్కున్నాయి. పైన కుడి మూల తలనూనె మరక. దాన్ని అద్దం వెనక, మంచి కత్తెర పెట్టే పెట్టెలోనే దాస్తాడు.

ఆ కాగితానికే ముప్పు వచ్చింది. గ్రంథాలయం హాల్లో పెద్ద ఆట పెడుతున్నారు. పది బల్లలు, పది జట్లు, ఎవరో కొత్తాయన రాసిన కథ. మాస్టారు మూడు వారాలు లెక్కలు వేసి తేల్చింది ఏమిటంటే, మన జట్టులో గాయాలు మాన్పే వైద్యుడు లేకపోతే మొదటి గంటలోనే ఇంటికొచ్చేస్తాం. కాబట్టి పాటగాణ్ణి మాన్పించి మామయ్యని వైద్యుడిగా రమ్మన్నారు. అక్క తల ఊపింది. నేను తల ఊపడమే కాక, పాటగాడి సంతాప సభలో నాలుగు మాటలు మాట్లాడతానని కూడా అన్నాను.

మామయ్య చాలాసేపు దువ్వెనలు తుడిచాడు. ఆరేళ్ళలో ఆయన ఆ బల్ల దగ్గర తనకని ఏదీ అడిగి ఎరగడు.

"ఒక్క పూట పరీక్ష పెట్టండి మాస్టారూ," అన్నాడు చివరికి. "మీ ఇష్టం వచ్చినంత కష్టంగా పెట్టండి. పాటగాడి వల్ల పని కాలేదంటే ఈ కాగితం నా చేత్తో నేనే చింపేస్తాను."

మర్నాడు నేను సెలూన్‌కి వెళ్ళేసరికి ఆ కాగితం పెట్టెలో లేదు. ఆయన చొక్కా జేబులో ఉంది. ఆ వారమంతా అక్కడే ఉంది. క్షవరం చేస్తూ చేస్తూ మధ్యలో జేబు తడుముకునేవాడు.

పరీక్ష రోజున మాస్టారు పెట్టింది ఒక వంతెన. కింద ఉధృతంగా ఏరు. వంతెన మధ్యలో తాటిచెట్టంత రాక్షసుడు. అవతలికి వెళ్ళే గేటు తాళంచెవి వాడి మొలకి వేలాడుతోంది. సాయంత్రం ఐదు లోపల దాటాలి.

ముందు నేను వెళ్ళాను. నేను వెళ్ళాక ఇంకెవరూ వెళ్ళనక్కర్లేదనే ఉద్దేశంతోనే వెళ్ళాను. పాచికలో రెండు పడింది. మళ్ళీ వేస్తే ఒకటి పడింది. ఏట్లో పడ్డాను. ఈత రాని ఇంకొకడైతే పోయేవాడు, నేను గనక మూడు మైళ్ళు కొట్టుకుపోయి ఒక రాయికి తగులుకుని ఆగాను. అక్క నిప్పుల వాన కురిపించింది గానీ, ఏటి తుంపరకి రాక్షసుడు నిలువునా తడిసి ఉన్నాడు, అంటుకోలేదు. వాడు తోక విదిలిస్తే అక్క కూడా నా రాయి దగ్గరికే వచ్చి చేరింది. మామయ్య సాయం చేయడానికి పక్కన మనిషి లేడు. పాట వల్ల పాచిక దొరికేది పక్కవాడికి కదా. పక్కవాడే లేడాయె. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

మామయ్య పాచిక ముట్టుకోలేదు. లేచి వెళ్ళి మాస్టారి కుర్చీ వెనక నిలబడ్డాడు. తెల్లగుడ్డ దులిపి, మాస్టారి మెడ చుట్టూ కప్పి, వెనక ముడి వేశాడు. కత్తెర తీసి గాల్లో రెండుసార్లు టిక్కు టిక్కు అనిపించాడు.

"చాలా రోజులైందే కనపడి," అన్నాడు రాక్షసుడితో.

ఇక్కడ ఆయన పనితనం గురించి ఒక మాట చెప్పాలి. మామయ్య మాటకారి అని ఊరంతా అంటారు. అది శుద్ధ అబద్ధం. ఆయన ప్రతి తలకీ ఈ ఒక్క మాటే అంటాడు. తర్వాత నోరు మూసుకుంటాడు. టిక్కు టిక్కు మని కత్తెర ఒక్కటే వినిపిస్తుంది. తల ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు ఆ నిశ్శబ్దాన్ని ఎవడూ భరించలేడు. రెండు నిమిషాల్లో చెప్పడం మొదలెడతాడు. ఒకసారి ఒక దొంగ ఇలాగే తన దొంగతనాలన్నీ వరసగా చెప్పుకుంటూ వచ్చి, ఆఖరిది ఈ సెలూన్‌లోనే చేశానని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. లేచి పారిపోదామంటే సగం గడ్డం మీద సబ్బు నురగ ఉంది. అలా తిరిగొచ్చిన గడియారమే ఇప్పుడు గోడ మీద నడుస్తోంది.

మాస్టారు ముందు గుర్రుమన్నారు. టిక్కు టిక్కు.

"ఏం కనపడతామయ్యా," అన్నాడు రాక్షసుడు మాస్టారి గొంతులోంచి. "పగలూ రాత్రీ ఈ వంతెన మీదే డ్యూటీ."

"ఊఁ," అన్నాడు మామయ్య, మాస్టారి తల కాస్త పక్కకి వంచి.

"అవతలి ఒడ్డున మా అన్నయ్య కాపలా ఉంటాడు. గేటుకి ఇటు నేను, అటు వాడు. దగ్గు వినపడుతుంది. ముఖం చూసి నూరేళ్ళు దాటింది."

"దగ్గుకేమైనా వాడుతున్నారా?"

"ఎవరు చూస్తారు వాణ్ణి. నేను కదిలితే వంతెన ఎవరు చూసుకుంటారు?"

మామయ్య దువ్వెన మార్చాడు. "నేనుంటాలెండి. మీరు వెళ్ళి చూసి రండి."

మాస్టారు కళ్ళు మూసుకుని ఒక్క నిట్టూర్పు విడిచారు. ఆ నిట్టూర్పు లెక్కల మాస్టారిది కాదు, నూరేళ్ళ రాక్షసుడిదే. తాళంచెవి తీసి, గేటు తెరిచి, వంతెన ఊగిపోయేట్టు అవతలికి పరిగెత్తాడట. వంతెన ఖాళీ. గేటు బార్లా తెరిచి ఉంది. నాలుగూ నలభై.

ఓడిపోయిన వీరుడికి కళ్ళు చురుగ్గా పనిచేస్తాయి. ఇందులో మోసం ఉందని నేనే అన్నాను. మామయ్య నిలబడ్డది ఎక్కడ? మాస్టారి వెనక. మాస్టారి రాతలు ఎక్కడ? ఒళ్ళో, గుడ్డ కప్పేదాకా తెరిచే ఉన్నాయి. అసలాయన వెనక నిలబడక్కర్లేదు కూడా. కస్టమర్లు చదివే పేపరుని అద్దంలో తిరగేసి చదివి, చదువుతున్నవాడికంటే ముందు పేజీ అయిపోగొట్టే మనిషి. రాక్షసుడికి అన్న ఉన్నాడని మాస్టారి అట్టలో చూసే ఆ నాటకమంతా ఆడాడని తేల్చేశాను. అక్క నావైపు అనుమానంగా చూసింది గానీ, అద్దంవైపు కూడా చూసింది.

మామయ్య ముఖం మాడిపోయింది. జేబులోంచి కాగితం తీసి, మడత విప్పి, రెండు చేతులా పట్టుకున్నాడు. దొంగ అనిపించుకున్న పాటగాడి కంటే చచ్చిన పాటగాడే నయమనుకున్నాడు కాబోలు. మొదటి టేపు పర్రుమంది.

"ఆగు," అన్నారు మాస్టారు. గుడ్డ కిందనుంచి చెయ్యి బయటికి తీసి ఆ అట్ట నాకిచ్చారు. "పైకి చదువు. కాలేజీ మానేశావు గానీ అక్షరాలు మానలేదుగా."

చదివాను. మూడే ముక్కలు. రాక్షసుడు. ముఖాన కళ్ళు తప్ప నోరు లేదు. చంపితే తప్ప దారి లేదు.

మళ్ళీ చదివాను. అన్న లేడు. దగ్గు లేదు. నోరు కూడా లేదు.

"పది నిమిషాలు మాట్లాడించాడు నా చేత," అన్నారు మాస్టారు. "నేను రాసిన కథని నాచేతే మార్పించాడు. కత్తికి ఆ పని చేతనవుతుందా?"

అక్క పడీ పడీ నవ్వింది. "ఆ అన్నకి దగ్గు మందు నేను పంపిస్తానన్నయ్యా," అంది మామయ్యతో.

నాకు మాత్రం మూడేళ్ళ కిందటి ఒంటికన్ను రాక్షసుడు గుర్తొచ్చాడు. ఒక్క వేటుకి పడగొట్టానని నేను ఊరంతా చెప్పుకున్నవాడు. ఆ రోజు నా పాచికలో పడింది ఎనిమిది. కావలసింది పదమూడు. మామయ్య ఇచ్చిన చిన్న పాచికలో పడింది ఐదు. ఆ ఐదు సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కూడా మీకు మాత్రమే చెబుతున్నాను. మామయ్యకి చెప్పడానికి బదులు అద్దం వెనక నుంచి టేపు తెచ్చి ఇచ్చాను.

"ఏరా అల్లుడూ, సంతాప సభ ఎన్నింటికి?" అన్నాడాయన టేపు అందుకుంటూ.

వాయిదా పడిందన్నాను.

మాస్టారు గుడ్డ విప్పుకుని కుర్చీలోనే వెనక్కి తిరిగారు. అద్దంలో తన తల చూసుకుని అలాగే ఉండిపోయారు. ఎడమవైపు దివ్యంగా కుదిరింది, చెవి చుట్టూ గీత గీసినట్టు ఉంది. కుడివైపు నెల నాటి పొద అలాగే ఉంది. గాల్లో ఆడుతున్న కత్తెర ఎప్పుడు జుట్టులోకి దిగిందో ఆయనకీ తెలియదు, మామయ్యకీ తెలియదు.

"చెయ్యి మర్చిపోయింది మాస్టారూ. అలవాటు," అన్నాడు మామయ్య.

"రెండోవైపు?"

"సెలవు రోజు కదండీ," అన్నాడు మామయ్య, టేపు ముక్క పళ్ళతో తుంచుతూ. "వైద్యుడు కావాలంటిరి. వైద్యులు క్షవరం చేయరు. ఆ పని పాటగాళ్ళది."

తెల్లారితే మాస్టారు నలభైమంది పిల్లల ముందు నిలబడాలి. ఆయన అద్దంలో ఎడమవైపు చూసుకున్నారు, కుడివైపు చూసుకున్నారు.

"పాటగాడే వస్తాడు గ్రంథాలయానికి," అన్నారు. "గాయాల సంగతి ఏదో ఒకటి ఆలోచిద్దాం. కానియ్."

మామయ్య కాగితాన్ని బల్ల మీద పరిచి, చిరిగిన మడతని కలిపి, టేపు వేసి, బొటనవేలితో గట్టిగా రుద్దాడు. తర్వాత గుడ్డ దులిపి మాస్టారి మెడకి మళ్ళీ కప్పాడు. కొత్త టేపు కింద మాస్టారి తెల్ల వెంట్రుక ఒకటి ఇరుక్కుంది. నేను చూసి చెప్పబోతే, ఉండనిమ్మని కంటితోనే సైగ చేశాడు.