డచ్ ఆరాధన ఆగిపోయిన ఊరు

డెబ్బైల చివర్లో నాకు అయోవాలోని ఒక చిన్న డచ్ ఊళ్ళో నర్సు ఉద్యోగం దొరికింది. మాది గుంటూరు దగ్గర క్రైస్తవ కుటుంబం. చర్చి ఉన్న ఊరేగా, తొందరగానే కలిసిపోతాం అన్నారు మా ఆయన.

మమ్మల్ని మొదట పలకరించింది ఎదురింటి ముసలావిడ. వాళ్ళ తాతలు హాలండ్ నుంచి ఓడలో వచ్చి, గడ్డితో సహా మట్టిపెళ్ళలు కోసి గోడలు కట్టుకున్నారని ఆవిడే చెప్పింది. ఆదివారం విశ్రాంతి దినమనీ, ఆ రోజు ఊళ్ళో ఎవరూ బట్టలు ఆరెయ్యరనీ ఆవిడే చెప్పింది, నేను ఆరేశాక. మే నెలలో తులిప్ పూల పండగకి ఆడవాళ్ళు పాతకాలపు హాలండ్ పద్ధతిలో చెక్క బూట్లేసుకుని వీధి కడిగేవాళ్ళు. ఆవిడ నన్నూ ఆ వరసలో నిలబెట్టింది.

నెలకోసారి మధ్యాహ్నం చర్చిలో డచ్ భాషలో ఆరాధన జరిగేది.

"అర్థం కాకపోయినా వచ్చి కూర్చో అమ్మాయ్. మనుషులు తగ్గిపోతున్నారు," అనేది ఆవిడ.

వెళ్ళేదాన్ని. మొదట్లో పదిమందికి పైనే ఉండేవాళ్ళు. కీర్తనలు ఒక్కో అక్షరం సాగదీసి పాడేవాళ్ళు. కొన్నేళ్ళకి నలుగురు మిగిలారు. డచ్ వచ్చిన పాస్టరుగారు రిటైరై వేరే ఊరు వెళ్ళిపోయాక ఆరాధనే ఆపేశారు. ఆ రోజు ఆవిడ చర్చి మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని నిలబడిపోయింది.

మరుసటి చలికాలం ఆవిడకి పక్షవాతం వచ్చింది. మా వార్డులోనే చేర్చారు. మాట తిరిగొచ్చింది గానీ ఇంగ్లీషు రాలేదు. వచ్చిందంతా డచ్చే. కూతురికి యాభై దాటాయి. భోజనం ముందు చేసే ప్రార్థన తప్ప ఆమెకి ఆ భాషలో ఇంకేం తెలీదు.

"అమ్మ ఏమంటోంది? మీరు ఆ ఆరాధనకి వెళ్ళేవారుగా," అని నన్నడిగింది.

"నాకూ అర్థం కాదండీ," అన్నాను.

డచ్ బాగా తెలిసిన పెద్దాయన ఊళ్ళో ఇంకొక్కరే ఉన్నారు. వెళ్ళి కార్‌లో తీసుకొచ్చాను. ఆయనకి చెవులు దాదాపు పోయాయి. ఆవిడ నోటికి చెవి ఆనించి చాలాసేపు వంగి ఉన్నారు. చివరికి తల అడ్డంగా ఊపి కళ్ళజోడు తీసేశారు.

ఆవిడ మూడు రోజులు ఒకే మాట తిప్పి తిప్పి చెప్పింది. నీళ్ళిచ్చాం. దిండు సర్దాం. కిటికీ తెర తీశాం. ఆవిడ అడిగింది ఏదీ కాదు. నాలుగో రోజు పొద్దున్నే పోయింది.

సమాధి దగ్గర పాటలన్నీ ఇంగ్లీషులోనే పాడారు. ఇంటికొచ్చి, ఆరేళ్ళ మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ సంగతి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. కాసేపు ఓపిగ్గా విని, "ఇంగ్లీష్‌లో చెప్పు మమ్మీ," అంది.

చెప్పలేకపోయాను. నాకు ఆఖరికి ఏ మాట మిగులుతుందో, అది ఎవరికి అర్థమవుతుందో అన్న ఆలోచన పట్టుకుంది. ఏమైందని మా ఆయన అడిగితే తలనొప్పి అన్నాను.