మామ వెనకాల నా చోటు

గార్డు మామ పోయాడన్న కబురు నాకు టైలరు చెప్పాడు. పొద్దున కాలేజీకి బయలుదేరుతూ బండి బయటికి తీస్తుంటే ఫోను మోగింది. "సార్, మామ లేడు సార్. ప్రొద్దుటూరు ఆస్పత్రిలో తెల్లార్తో పోయినాడంట" అన్నాడు. చదివేవాళ్లు ఏమనుకున్నా సరే, జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. నాకు ముందు ఏడుపు రాలేదు. ఈ కబురు నాకంటే ముందు ఇతనికెలా అందింది, ఆ ఇంటివాళ్లు మొదటి ఫోను ఇతనికెందుకు చేశారు, అదీ నా మనసులో మొదట మెదిలిన మాట. ఏడుపు తర్వాత వచ్చింది, బండికి స్టాండు వేసి అరుగుమీద కూర్చున్నాక.

ఆయన నాకు చుట్టం కాదు. జమ్మలమడుగులో మా ఎదురింట్లో ఉండే రిటైరైన ఫారెస్టు గార్డు. మా వైపు పెద్దవాళ్లను మామా అని పిలవడం మామూలే కాబట్టి ఆయన వీధి వీధంతటికీ మామే. నేను మాత్రం ఆ పిలుపు నా ఒక్కడిదే అన్నట్టు పిలిచేవాణ్ణి. జూనియర్ కాలేజీలో గుమాస్తా పని చేసీ చేసీ నాకు షుగరు వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. నేను హైస్కూలు గ్రౌండులో గానుగెద్దులా తిరుగుతుంటే మామ గోడ అవతల నిలబడి నాలుగు రోజులు చూశాడు. అయిదో రోజు, "ఆ తిరిగేదేదో గుట్ట చుట్టూరా తిరుగుదువు గానీ రాప్పా" అన్నాడు. ఆ ఆదివారం మొదలైన నడక ఏడేళ్లు సాగింది.

గండికోటకు పోయే రోడ్డులో, కోట ఇంకా రాకముందే ఒకచోట బండి పక్కకు పెట్టి అడవిలోకి దిగేవాళ్లం. గుట్టను కుడిచేతి వైపు పెట్టుకొని చుట్టూ తిరిగి మళ్లీ బండి దగ్గరికే రావాలి. రెండున్నర గంటల నడక. మొదట సీతాఫలం చెట్లు, బలుసు పొదలు, తర్వాత చండ్ర చెట్ల నీడ. అవి పలచబడ్డాక ఎడమ పక్కన నేల తెగిపోయి పెన్నానది లోయ వస్తుంది. ఎర్రటి బండలు నిలువునా కిందికి దిగి, అడుగున పచ్చటి నీళ్లు. ఫొటోలు దిగేవాళ్లంతా కోట దగ్గరే ఆగిపోతారు, మా పక్కకు మేకలు తప్ప ఎవరూ రారు. లోయ అంచున ఒక ఫర్లాంగు దూరం దారి మరీ సన్నం, ఇద్దరు పక్కపక్కన నడవలేరు. అక్కడ మామ ముందు, నేను వెనక. లోయ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకు సరిగ్గా చెప్పడం రాదు. నేను ఎక్కువగా చూసింది ఆయన ఖాకీ చొక్కా వీపునే.

ఎప్పుడూ ఇటువైపు నుంచే ఎందుకు, ప్రదక్షిణమా అని ఒకసారి అడిగాను. "దేవుని కోసరం కాదప్పా. అటుపక్కనుంచి వస్తే ఎక్కేది జాస్తి" అన్నాడు. ఏదైనా చూపించాలంటే వేలు ఎత్తేవాడు కాదు, గడ్డంతో చూపించేవాడు. టవల్లో ఉడకబెట్టిన శెనక్కాయలు తెచ్చేవాడు. తిన్నాక పొట్టంతా మళ్లీ జేబులో వేసుకొనేవాడు, నా చేతా వేయించేవాడు. ఈడ పెరగని వస్తువు ఈడ పారేయగూడదు అనేవాడు. ఎక్కడైనా కొత్తగా గొడ్డలి పడిన మోడు కనిపిస్తే దాని మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడేవాడు. ఉద్యోగం అయిపోయి ఎన్నేళ్లయినా, ఇంటికొచ్చి ఇప్పటి గార్డుకు ఫోను చేసి ఫలానా చోట చెట్టు పోయిందని చెప్పేవాడు. అవతలివాడు విసుక్కుంటే నాకు కోపం వచ్చేది, ఆయనకు వచ్చేది కాదు.

అయిదేళ్లయ్యాక టైలరు వచ్చిపడ్డాడు. చాలాకాలం కువైట్‌లో కుట్టుపని చేసి తిరిగొచ్చి బస్టాండు దగ్గర కొట్టు పెట్టాడు. మామ ఖాకీ ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వెళ్లి, ప్యాంటుతో పాటు అతన్నీ వెంటబెట్టుకొచ్చాడు. అన్నేళ్లూ నాలుగు గోడల మధ్య మిషను ముందు కూర్చున్నాడంట, చెట్లు చూడాలని ఆశంట. రానీలే అనుకున్నాను. కానీ సన్నటి దారి దగ్గర మామ చేసిన పని చూసి నా కడుపు మండిపోయింది. "నువ్వు ముందర నడువు భాయ్" అని అతన్ని ముందు పెట్టి, తాను మధ్యలో నడిచాడు. నేను ఎప్పటిలాగే వెనక.

అయిదేళ్లు వెనక నడిచినవాడికి దక్కనిది నిన్న గాక మొన్న వచ్చినవాడికి దక్కింది. ప్రతి ఆదివారం అదే వరస. పైగా మామ ఎప్పుడూ అతనితోనే మాట్లాడేవాడు. అడుగు చూసుకో, ఆ రాయి కదుల్తాది, నిదానం, అంటూ ఒకటే ముచ్చట్లు. నాకోసం ఒక్కసారైనా తల తిప్పేవాడు కాదు. నేను వెనక జారి లోయలో పడినా ఈయనకు తెలియదు కదా అనుకొని కుళ్లుకునేవాణ్ణి. ఇంట్లో మా ఆవిడకు చెబితే నవ్వింది. ఆమె మీదా ఒళ్లు మండింది.

చివరికి ఒక వెధవ పని చేశాను. మామకు మోకాలు నొప్పి, ఈ వారం నడక లేదని టైలరుతో చెప్పాను. టైలరుకు రంజాన్ బట్టలు తెమలడం లేదు, రాడని మామతో చెప్పాను. ఆ రోజు మేమిద్దరమే నడిచాం. హాయిగా ఉంటుందనుకున్నాను గానీ రెండున్నర గంటలూ దొంగలా నడిచాను. తర్వాతి ఆదివారం టైలరు రాగానే మోకాలు ఎలా ఉంది మామా అని అడిగాడు. మామ నావైపు చూశాడు. "ఆయప్ప వంతు గూడా నువ్వే నడుస్తావా ఏంది?" అన్నాడు, అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నాకు తలెత్తుకోవడానికి మొహం చెల్లలేదు. అలాగని కుళ్లు తగ్గిందా అంటే అదీ లేదు.

మొన్న ఎండాకాలంలో ఆయనకు గుండెజబ్బు వచ్చింది. నేను ప్రొద్దుటూరు ఆస్పత్రికి వెళ్లేసరికి టైలరు మంచం పక్కన కూర్చొని బత్తాయి ఒలుస్తున్నాడు. నేను తెచ్చిన బత్తాయిల సంచిని కిటికీలో పెట్టేసి వచ్చాను. ఆయన నన్ను కూర్చోమని గడ్డంతో స్టూలు చూపించాడు. అదే ఆఖరు చూపు.

పదకొండో రోజు భోజనాలయ్యాక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే టైలరు పక్కకొచ్చి నిలబడ్డాడు. ఎంత కాలంగానో దాచుకున్నట్టు చెప్పాడు. కువైట్‌లో ఉన్నప్పటినుంచీ అతనికి ఉన్నట్టుండి కళ్లు తిరుగుతాయంట. చెవిలో ఏదో జబ్బు. ఆ సంగతి మామ ఒక్కడికే తెలుసు. ఇంకెవరికైనా తెలిస్తే కొండకు రానివ్వరని చెప్పుకోలేదు.

"ఒకసారి నన్నూ ఎనకాల నడవనీ మామా అని అడిగినా సార్. ఒప్పుకోల్యా. డూటీలో ఉన్నెప్పుడు చెట్లు కొట్టి దొరికినోళ్లను, ఒళ్లు బాగలేనోళ్లను ముందర పెట్టి నడిపిచ్చేవాళ్లంట. ఎవర్ని తిరిగి చూడాల్సిన పన్లేదో వాణ్ణి ఎనకాల పెట్టుకుంటారంట. ఆ చోట్లో ఆయప్ప ఉండాడు లే అని మిమ్మల్నే అన్నాడు. మీ మీద నాకు శానా కుళ్లు సార్."

చేతుల మీద నీళ్లు కారిపోతూనే ఉన్నాయి. నేను కుళాయి కట్టేయడం మరిచిపోయాను. ఇన్నేళ్లు నా చోటును నేనే తిట్టుకున్నాను, ఆ చోటు కోసం ఇంకొకడు ఏడ్చాడు.

తర్వాతి ఆదివారం ఇద్దరమే వెళ్లాం. సన్నటి దారి మొదట్లో ఇద్దరమూ ఆగిపోయాం. "ఇయ్యాల ఒక్కసారి నేను ఎనకాల నడుస్తా సార్" అన్నాడు టైలరు. అడగడానికి ఎంత బిడియపడ్డాడో నాకు కనిపిస్తూనే ఉంది.

"కాదు భాయ్. ముందర నువ్వే పద" అన్నాను.

అతని మొహం చిన్నబోయింది. నా చోటు వదులుకోవడం ఇష్టం లేక అన్నాననుకొని ఉంటాడు. అందులో సగం నిజం, దాచడం దేనికి. మిగతా సగం ఏమిటంటే, ఇప్పుడు అతని అడుగు చూడడానికి మా మధ్యలో మామ లేడు.

అతను నడిచాడు. కొంతదూరం పోయాక కాలికింద గులకరాయి జారి, భుజం ఎడమవైపు, లోయ వైపు వాలింది. నా చేతులు రెండూ వాటంతటవే లేచాయి. అతను తమాయించుకొని సాగిపోయాడు. నా చేతులు మాత్రం కిందికి దిగలేదు. ఆ ఫర్లాంగు పొడవునా అతని వీపుకు జానెడు దూరంలో, తాకకుండా, అలాగే ఉండిపోయాయి. అతను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.