మొదటి ముక్క

ఉదయం ఏడుంబావుకు మా అత్తగారు ఇడ్లీల పళ్లెం పట్టుకుని మా తార్నాక ఇంటి మేడ మీదికి వెళ్లారు. అక్కడి గదిలో అద్దెకు దిగిన సూడాన్ కుర్రాడు యూనివర్సిటీలో చేరడానికి వచ్చాడు. రైల్లో ఎవడో స్నేహంగా మాట్లాడుతూ మత్తు బిస్కెట్లు పెట్టి, పాస్‌పోర్టుతో సహా అన్నీ దోచుకున్నాడు. అప్పటి నుంచి ఆ కుర్రాడు ఎవరేమిచ్చినా ముట్టడం లేదు.

ఎంగిలంటే మండిపడే ఆవిడ ఒక ముక్క తుంచి, వాడి ఎదుటే తిని, పళ్లెం వాడి చేతిలో పెట్టారు. వాడు ఆవిడ ముఖం కాసేపు చూసి, తిన్నాడు.

"నేను గుక్కెడు తాగిన కాఫీ పారబోస్తావ్, వాడికి ఎంగిలి పెడతావేంటమ్మా?" అన్నారు మావారు.

"నోర్ముయ్యరా. నిన్నటి నుంచి పస్తున్నాడు వాడు."

తర్వాత ఆ గదిలోకి ఏ దేశం వాళ్లొచ్చినా మొదటి ముక్క ఆవిడే తినేవారు.

ఆవిడ పోయి రెండేళ్లయింది. గది ఇప్పటికీ విదేశీ విద్యార్థులకే ఇస్తున్నాం. వాళ్లు క్యాంపస్ మెస్‌లో తింటారు. మేం పైకి ఏమీ పంపడం లేదు.