వంటసాల వెనక గది

డుంబ్రిగుడ దాటాక కొండవాలున ఉండే ఆ కాఫీ తోట బంగళాను చూసినవాళ్లంతా, అబ్బ, ఎంత బాగా నిలబెట్టారో అంటారు. నిజమే, బాగానే నిలబెట్టారు. కాదనడానికి నాకే నోరు రాదు.

తొంభైల్లో అది వానకి కారే పెంకుటిల్లు. నాన్న తోట కాపలాదారు, అమ్మ వంటమనిషి. యజమానులు ఎండాకాలంలో నాలుగు రోజులుండి పోయేవారు. మిగతా ఏడాదంతా బంగళా, గోదాము, గుర్రాలసాల అన్నీ మావే అనుకునేదాన్ని. గుర్రాలసాలలో గుర్రాలెక్కడివి, మా మేకలుండేవి! కళ్లంలో ఆరబోసిన కాఫీ పళ్లను కాళ్లతో తిరగేస్తూ పరిగెడితే అరికాళ్లకు చక్కిలిగింతలు పుట్టేవి.

మేమున్నది మాత్రం వంటసాల వెనకగోడకి ఆనించి నాన్న వేసిన ఒంటిగదిలో. నేను కడుపులో ఉన్నప్పుడు వెదురు తడికలు కట్టి, మట్టి మెత్తి లేపాడట. గోడకి అవతలే పొయ్యి. పుష్యమాసపు చలిలో కూడా గది వెచ్చగా ఉండేది. ఆ వెచ్చదనం మళ్లీ ఏ ఇంట్లోనూ దొరకలేదు నాకు.

నాన్న పోయాక, నేను విశాఖ చేరాక కూడా అమ్మ అక్కడే ఉంది. రెండువేల సంవత్సరం దాటాక, బంగళా కట్టినాయన మనవడొచ్చి దాన్ని పాత రూపుకి తెస్తానన్నాడు. మంచివాడే. సిమెంటు ముట్టనివ్వలేదు. అన్నీ తాత కట్టినట్టే ఉండాలన్నాడు. అదే మా కొంప ముంచింది. తాత కట్టినదాంట్లో మా గది లేదు.

"బాబూ, అదొక్కటీ ఉంచీండి. మా ఆయన సేత్తో కట్టినాడు" అని బతిమాలింది అమ్మ.

"నీకు కింద పక్కా గది కట్టిస్తానమ్మా. ఇది ఉంటే పాతదనం పోతుంది" అన్నాడాయన, ఎంతో మర్యాదగా. మర్యాదస్తుడితో పోట్లాడ్డం ఎంత కష్టమో!

కబురు విని నేను విశాఖ నుంచి పరిగెత్తుకొచ్చేసరికి గది లేదు. వంటసాల గోడ మీద దాని అచ్చు మాత్రం మిగిలింది. కప్పు వాలిన గీత, మసి, నాన్న కొట్టిన మేకు, చిన్నప్పుడు నేను బొగ్గుతో గీసిన నెమలి.

ఆ గోడకి కొత్తగా మట్టి మెత్తాలి. ఈ కొండల్లో ఏ ఇంటి గోడ మెత్తడమైనా ఆ ఇంటి ఆడవాళ్ల పని. హుకుంపేట నుంచి పిలిపించిన కూలీలను అమ్మ పక్కకి పొమ్మంది. కొంగు దోపుకుని తనే ఎర్రమట్టిలో చేతులు పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీకేటన్నా బుద్దుందా అమ్మా? మనిల్లు పీకీసినోల్ల గోడకి నువ్వు మెత్తుతావా?"

"ఊరుకోయే గుంటా! ఇన్నాళ్లూ ఈ గోడ మెత్తింది నేనే. ఇప్పుడింకొకత్తి సెయ్యెడితే నా మనసొప్పుతాదేటి? బేగి ఆ నీల్లట్టుకురా."

తెచ్చాను. ఏడుస్తూనే తెచ్చాను. అమ్మ మేకు పీకి పక్కన పెట్టి, అరచేత్తో మెల్లగా మెత్తుకుంటూ పోయింది. మసి పోయింది. నెమలి దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది, తర్వాత అదీ పోయింది.

అమ్మ పనితనం అలాంటిది మరి. ఇప్పుడు ఎప్పుడెళ్లినా ఆ గోడ ముందు నిలబడి వెతుక్కుంటాను. మా ఇల్లు ఎక్కడ మొదలయ్యేదో, ఎక్కడ అయిపోయేదో నాకే తెలియడం లేదు.