చిరుగు కింద నారు

"ఆ చిరుగు కుట్టకు మామ్మా. లోపలికి ఎలుగెళ్తన్నది దాన్లోంచే."

"మంచూ దాన్లోంచే ఎళ్తది. సూది ఇలాగియ్యి."

"పది రోజులై షీటెత్తనేదు నువ్వు. లోపల నారు ఉందో పోయిందో ఎవులికి తెలుసు?"

"నాకు తెలుసు. రోజూ సూత్తన్నాను."

హాస్టల్లో చదువుకునే మనవరాలు సెలవులకొచ్చి, ఆ పొద్దున కాఫీ నారుమడి దగ్గర నాతో తగువు పెట్టుకుంది.

మా లంబసింగి వైపు చలికాలంలో తెల్లారేసరికి గడ్డి మీద తెల్లటి మంచుపొడి ఉంటుంది. లేత కాఫీ ఆకు మీద పడితే ఆకు నల్లగా మాడిపోతుంది. అందుకే సాయంత్రం ప్లాస్టిక్ షీటు కప్పి, పొద్దున తీసేస్తారు. ఊరంతా చేసేది అదే. నేను తియ్యలేదు. పోయినేడు తీసీ వేసీ కొత్త షీటు పీలికలైపోయింది. ఈసారి పాతవి మూడు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచుల మీద మట్టి పెట్టి వదిలేశాను. లోపల చెమ్మ ఆరడం లేదు, నీళ్లు పోసే పని తప్పిందని సంబరపడ్డాను కూడా. మూలనున్న చిరుగులోంచి చూస్తే నారు పచ్చగానే కనిపించేది.

పై వాలులో ముసలి కాఫీ చెట్లు కొట్టించేశాం. వచ్చే వానలకి ఆ వాలు నిండాల్సింది ఈ నారుతోనే. లేకపోతే ఇంకో ఏడాది బోడికొండే.

మనవరాలు గుంట ఊరుకోలేదు. రాత్రి తను బయట పళ్లేల్లో పెట్టిన నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. ఒక మంచుపలక తీసి నా కంటికీ ఎండకీ మధ్య పెట్టింది. అద్దంలా ఉంది, సూర్యుడు కనిపించాడు. బుడగలు పట్టి తెల్లబారిన ఇంకో పలక దాని మీద పెట్టింది. సూర్యుడు పోయి మసక వెలుగు మిగిలింది. షీటు మీది మంచుపొడి గీరి పైన చల్లింది. ఆ మసకా పోయింది.

చలి దేశాల్లో సముద్రమే గడ్డకడుతుందట. ఆ గడ్డలోని బుడగలూ ఉప్పునీటి బొట్లూ వెలుగుని అటూ ఇటూ తోసేస్తాయట. పైన మంచుపొడి పడితే ఎండ చాలావరకు అక్కడి నుంచే వెనక్కిపోతుంది. అడుగుకి చేరిన ఆ కాస్త నీలి వెలుగుతోనే గడ్డ కింద నాచు బతకాలి. ఇదంతా పాఠంలో ఉందని చెప్పింది. రెండో తరగతితో బడి మానేసినదాన్ని, విశాఖ సముద్రం ఎప్పుడు గడ్డకట్టిందే అని అడిగాను.

"నీ షీట్లు మూడు, మధ్యలో చెమ్మ, పైన మంచు. నువ్వు రోజూ సూసేది చిరుగు కిందున్నవే మామ్మా."

చిరుగులోంచి భుజం దాకా చెయ్యి దూర్చి, దూరంగా ఉన్న ఒక మొక్క పీకి నా ఒళ్లో పడేసింది. కాడ పొడుగ్గా, దారంలా తెల్లగా ఉంది. ప్రతి మడిలోనూ ఒక పాడుమొక్క ఉంటుందన్నాను. అన్నానే గానీ, కాడ ఒకవైపుకే వంగి ఉండటం చూశాను. చిరుగు వైపుకేనా అని అడగలేదు. చిరుగు కుట్టేశాను.

ఆ రోజు మళ్లీ కమ్మిన పొగమంచు మధ్యాహ్నమైనా లేవలేదు. మడి వైపు చూడకుండా పనులు చేసుకున్నాను.

మర్నాడు పొద్దున నేనే షీట్లు ఎత్తాను. పైది మంచుకి బిగుసుకుపోయి అడ్డంగా చిరిగింది. నారంతా పడిపోయి ఉంది, కాడలు మట్టి దగ్గర నల్లబడి. కుట్టేసిన చిరుగు కింద నాలుగు మొక్కలు నిలబడి ఉన్నాయి. మనవరాలు వాటిని చేటలో పెట్టుకుని ఎండ పడే చోటికి తీసుకెళ్లింది.