మా తాతయ్య బడి నేల మీద పడుకున్న రోజు

నా చిన్నప్పటికే మా పెత్తనం పోయింది, నడక మాత్రం మారలేదు. కొడకండ్ల వైపున్న మా ఊరికి మా ముత్తాత మాలీ పటేల్. శిస్తంతా ఆయన చేతి మీదుగానే వసూలయ్యేది. ఆ తరువాత మా తాతయ్య పటేల్ అయ్యారు. ఆయన వీధిలో నడిస్తే అరుగుల మీదివాళ్లు లేచి నిలబడేవారు.

నాకు ఏడో ఏట మూర్ఛ మొదలైంది. ఇంట్లో ఆడవాళ్లు గాలి సోకిందని తలుపులు వేసి దాచారు. తాతయ్య మాత్రం నన్ను వరంగల్ దవాఖానకు తీసుకెళ్లారు. ఇది మెదడుకు సంబంధించిన జబ్బనీ, అంటుకోదనీ, రోజూ మాత్ర తప్పకూడదనీ డాక్టరు చెప్పగా శ్రద్ధగా విన్నారు.

కొన్నాళ్లకు బడిలోనే ఫిట్స్ వచ్చింది. పిల్లలు భయపడి నా చేతిలో తాళంచెవులు కుక్కారు. ఒకడు నోట్లో నీళ్లు పోశాడు. అవి గొంతుకు అడ్డుపడి నా ముఖం నల్లబడిపోయిందట. మరునాడు హెడ్మాస్టరు మా ఇంటికి వచ్చాడు.

"పటేలా, పిల్లను ఇంట్లనే ఉంచుకోరాదుండ్రి. మిగిలినోళ్లు జడుసుకుంటున్నరు."

ఆ మాటతో నా చదువు ముగిసిందనుకుని ఏడ్చాను. తాతయ్య వెంటనే లేచారు. తలపాగా చుట్టుకుని, నా చేయి పట్టుకుని బడికి నడిచారు. ఆయనను చూసి తరగతి అంతా లేచింది.

"మా పిల్లకు ఫిట్సొస్తయి. గది దయ్యం కాదు, అంటుకునే రోగం కాదు. వస్తే ఏం జెయ్యాల్నో ఇయ్యాల నేర్పుత," అన్నారు. తలపాగా తీసి బల్ల మీద పెట్టి, తెల్ల ధోవతితోనే ఆ మట్టినేల మీద వెల్లకిలా పడుకున్నారు. "నేనే మీ దోస్తుననుకోర్రి. నన్ను పక్కకు తిప్పుర్రి."

ఎవరూ కదల్లేదు. చివరికి తండా నుంచి వచ్చే ఒక పిల్ల ముందుకొచ్చి ఆయన భుజం మీద చేయి వేసింది. అంతవరకు తండావాళ్లు ఆయనను తాకగా నేను చూడలేదు.

"పటేల్ తాతా, జర నువ్వు గూడ తిరుగరాదు? బస్తా లెక్క ఉన్నవ్!"

"ఫిట్సొచ్చినోడు సాయం జేస్తడా పిల్లా? నువ్వే తిప్పాలె," అన్నారు తాతయ్య, కళ్లు మూసుకునే.

తరగతి గొల్లున నవ్వింది. తరువాత ఒక్కొక్కరే వచ్చి ఆయనను తిప్పారు. నోట్లో ఏదీ పెట్టొద్దనీ, కాళ్లూ చేతులూ అదిమి పట్టొద్దనీ, తగిలే వస్తువులు దూరం జరపాలనీ, ఐదు నిమిషాలకూ ఆగకపోతే దవాఖానకు తీసుకుపోవాలనీ పడుకునే చెప్పారు. లేచాక దుమ్ము కూడా దులుపుకోకుండా, గుమ్మంలో నిలబడ్డ హెడ్మాస్టరు వైపు తిరిగారు.

"ఇగ ఎవ్వలు జడుసుకోరు సార్. పిల్ల ఈడనే సదువుకుంటది."

మళ్లీ బడిలో ఫిట్స్ వచ్చినప్పుడు, కళ్లు తెరిచేసరికి నేను పక్కకు తిరిగి ఉన్నాను. తల కింద ఎవరిదో సంచి ఉంది.

మాత్రలతో కొన్నేళ్లకు జబ్బు కుదిరింది. చదువుకుని జనగామలో పంతులమ్మనయ్యాను. నాకు మూర్ఛ వచ్చేదని చెప్పడానికి ఏనాడూ గొంతు తగ్గించలేదు; ఎవరి మనవరాలినో చెప్పడానికీ తగ్గించలేదు. చెరువు కింద పొలం, మామిడితోట తాతయ్య ఉండగానే అమ్ముడుపోయాయి. ఇల్లు ఆయన పోయాక అమ్మాం. కొన్నవాళ్లు దానిని పడగొట్టి పత్తి గోదాము కట్టుకున్నారు.