అందని సైకిలు

ఎనభైల్లో గుంటూరు బస్టాండులో కనబడ్డ ఆ ముసలాయన మీద నాకు ఇప్పటికీ కోపమే. కొత్త సైకిలు పక్కన నిలబడి ఊరి బస్సు కోసం చూస్తున్నాను. మిరపకాయల బస్తా మీద కూర్చున్న ఆ ముసలాయన లేచొచ్చి, అడక్కుండానే సైకిలు సీటును నా చంకలోకి నెట్టాడు.

"చెయ్యి చాపు. వేళ్ళు పెడల్ ఇరుసుకు అందితేనే సైకిలు నీ ఎత్తుకు సరిపోయినట్టు."

బెత్తెడు తక్కువైంది.

"ఎవరు కొన్నారు?"

"మా అన్నయ్య. నాకు ఉద్యోగం వచ్చిందని ఇక్కడి షాపులో కొని ఉంచి, తెచ్చుకోమన్నాడు."

"నీకు కాదులే. తనకే కొనుక్కున్నాడు."

"నోరు ముయ్యండి! మా అన్నయ్య సంగతి మీకేం తెలుసు?"

పకపకా నవ్వాడు.

మా ఊళ్ళో అన్నయ్య బస్సుకు ఎదురొచ్చాడు. టాపు మీంచి సైకిలు దింపించి, సీటెక్కి కూర్చున్నాడు. కాళ్ళు రెండూ నేలకు చక్కగా ఆనాయి.

"వెనక క్యారేజీ మీద కూర్చోరా," అన్నాడు.